ఒక్కరోజు థీమ్ పార్కు: ఏ రైడు ముందు, ఏది తర్వాత

అడిగింది క్లుప్తంగా ఇదీ: నాలుగేళ్ల పాప (99 సెం.మీ.), తొమ్మిదేళ్ల బాబు (128 సెం.మీ.), భార్యాభర్తలు, మోకాళ్ల నొప్పులున్న 68 ఏళ్ల అమ్మమ్మ. ఊళ్లకు దూరంగా, పొలాల మధ్య ఉన్న పెద్ద పార్కు. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలి. కిందటిసారి నాలుగు రైడ్లు ఎక్కేసరికే పొద్దుగూకింది, ఈసారి అలా కాకూడదంటే ఏం చేయాలి?

నాలుగు రైడ్లకే రోజు అయిపోయిందంటే మీరు సరిగ్గా తిరగలేదని కాదు. ఎప్పుడు ఏ క్యూలో నిలబడాలన్న లెక్క తప్పింది, అంతే. చాలామంది పొడుగ్గా కనిపించే క్యూను చూసి భయపడి, చిన్నగా కనిపించే క్యూలోకి దూరతారు. అసలు చిక్కు అక్కడే.

ఒక రోలర్ కోస్టర్ తీసుకోండి. రైలుకు 24 సీట్లు, 90 సెకన్లకో రైలు కదులుతోంది అనుకుందాం. గంటకు 40 రైళ్లు, అంటే 960 మంది. దాని ముందు 200 మంది ఉన్నా మీ వంతు పన్నెండు, పదమూడు నిమిషాల్లో వస్తుంది. పక్కనే పిల్లల విమానాల రైడు ఉంది. 12 సీట్లు. తిరిగేది రెండు నిమిషాలే అయినా, చిన్నపిల్లల్ని దింపి, కొత్తవాళ్లను ఎక్కించి, ఒక్కొక్కరికీ బెల్టు పెట్టి సరిచూసేసరికి ఇంకో మూడు నిమిషాలు. ఐదు నిమిషాలకో విడత, గంటకు 144 మంది. దాని ముందు 40 మందే ఉన్నారు, కానీ మీరు నిలబడేది పదిహేడు నిమిషాలు! 200 మంది క్యూ కంటే 40 మంది క్యూ ఆలస్యం. చిన్నపిల్లలున్న కుటుంబాల రోజు కరిగిపోయేది ఇలాంటి బుల్లి రైడ్ల దగ్గరే.

క్యూలో ఉన్నవాళ్ల సంఖ్యను నిమిషానికి ఎంతమంది ఎక్కుతున్నారో ఆ సంఖ్యతో భాగిస్తే ఎదురుచూడాల్సిన నిమిషాలు వస్తాయి. దీన్ని లిటిల్ సూత్రం అంటారు. 1961లో అమెరికా ప్రొఫెసరు జాన్ లిటిల్ దీనికి గణితపరమైన రుజువు ఇచ్చాడు. పార్కులో వాడటానికి అంత గణితం అక్కర్లేదు. క్యూలోకి దూరే ముందు ఐదారు నిమిషాలు బయట నిలబడి ఎన్ని విడతలు కదిలాయో చూడండి. విడతకు ఎన్ని సీట్లో లెక్కపెట్టండి, అందులో పదోవంతు ఖాళీగా పోతాయనుకోండి. క్యూ మెలికలు మెలికలుగా ఉంటే ఒక్క వరుసలో మనుషుల్ని లెక్కపెట్టి, ఎన్ని వరుసలుంటే అంతతో గుణించండి. ఒకటి రెండుసార్లు చేస్తే కంటిచూపుకే అంచనా దొరుకుతుంది.

ఈ లెక్క తప్పే సందర్భాలు మూడు. ఒకటి, క్యూ భవనం లోపలికి వెళ్లిపోతే బయట కనిపించేది తోక మాత్రమే, లోపల ఇంకా ఎంత ఉందో ద్వారం దగ్గరి ఉద్యోగిని అడగాలి. రెండు, అదనపు డబ్బు కట్టి త్వరగా వెళ్లేవాళ్ల దారి వేరే ఉంటే, ప్రతి విడతలో కొన్ని సీట్లు వాళ్లకే పోతాయి. కాబట్టి మొత్తం సీట్లు కాకుండా, మామూలు క్యూ నుంచి ఎంతమందిని లోపలికి వదులుతున్నారో లెక్కపెట్టండి. మూడు, రెండు రైళ్లు తిరగాల్సిన కోస్టర్ మీద ఒక్కటే తిరుగుతూ ఉండటం. రెండో రైలు పక్క షెడ్డులో నిలబడి ఉంటే ఆ రైడు సగం వేగంతో నడుస్తున్నట్టే. రద్దీ పెరిగితే మధ్యాహ్నానికి రెండోది కూడా పట్టాలెక్కించే అవకాశం ఉంది, అప్పుడు రండి. ద్వారం దగ్గర బోర్డు మీద ఎదురుచూపు సమయం రాస్తారు కదా, దాన్ని పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. కొన్నిచోట్ల కాస్త ఎక్కువే వేసి రాస్తారు.

ఇక వరుస. గేటు తెరిచిన మొదటి గంటన్నర బంగారం. లోపలికి రాగానే జనమంతా ఎదురుగా కనిపించిన మొదటి రైడుకే ఎగబడతారు. మీరు దాన్ని దాటేసి చివరికి నడవండి. అక్కడి నుంచి గేటు వైపు వెనక్కి వస్తూ ఉంటే గంటసేపు జనానికి ఎదురు నడుస్తారు. ఆ గంటన్నరలో గంటకు తక్కువమందిని ఎక్కించుకునేవి పూర్తి చేయండి: పిల్లల విమానాలు, చిన్నపిల్లలు తామే నడిపే కార్లు, గో-కార్ట్లు (నేలబారు చిన్న రేసు బండ్లు), నలుగురైదుగురే పట్టే తొట్టెలాంటి రైడ్లు. గంటకు తొమ్మిదివందల మందిని లాగే పెద్ద కోస్టర్ మధ్యాహ్నం కూడా ఓ మాదిరిగా కదులుతుంది. గో-కార్ట్ మాత్రం పదకొండు దాటాక గంట తినేస్తుంది. దానికి తోడు ప్రతి కుర్రాడికీ అది కావాలి.

మీరు నలుగురూ కలిసి ఎక్కలేని రైడ్లకు అదలుబదలు పద్ధతి ఉంటుంది. ఒకరు బాబుతో క్యూలో నిలబడి ఎక్కుతారు, రెండోవారు పాపతో కింద ఉంటారు. మొదటివారు దిగాక రెండోవారు మళ్లీ క్యూ అక్కర్లేకుండా నేరుగా ఎక్కొచ్చు. చాలా పార్కుల్లో ఉంది, కానీ ఎవరూ పిలిచి చెప్పరు. క్యూలోకి అడుగుపెట్టే ముందే ద్వారం దగ్గర అడిగి చీటీ తీసుకోవాలి. పైకి వెళ్లాక అడిగితే పని జరగదు. మీ బాబుకు ఇందులో ఒక లాభం ఉంది: తోడుగా వచ్చే పిల్లల్ని రెండుసార్లూ ఎక్కనిచ్చే చోట్లు ఉన్నాయి. అడగడానికి మొహమాటపడకండి.

కోస్టర్లో వరుసకు రెండు సీట్లే ఉంటే, ముగ్గురు ముగ్గురుగా వచ్చేవాళ్ల వల్ల ఒక సీటు ఖాళీగా మిగిలిపోతుంది. దాన్ని నింపడానికి ఒంటరి ప్రయాణికుల వరుస పెడతారు. పెద్దవాళ్లకు అది బాగా పనికొస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడిని మాత్రం అందులోకి పంపకండి. ఎత్తు చాలినా కొన్ని రైడ్లకు పక్కన పెద్దవాళ్లు తప్పనిసరి.

ఎత్తు సంగతి దగ్గర కాస్త ఆగాలి. పాప 99 అన్నారు. రైడ్ల గీతలు ఎక్కువగా 90, 100, 120, 140 దగ్గర ఉంటాయి, పార్కును బట్టి అటూఇటూ మారతాయి. వెళ్లే ముందు ఆ పార్కు జాబితా తీసి చూడండి. ఒక్క సెంటీమీటరు దగ్గరున్న పిల్లలతోనే పేచీ. మనిషి పొద్దున లేచినప్పుడు ఉన్నంత ఎత్తు సాయంత్రం ఉండడు. వెన్నుపూసల మధ్య మెత్తని చక్రాలు రోజంతా బరువు మోసి కాస్త అణుగుతాయి. సెంటీమీటరు దాకా తేడా వస్తుంది, అందులో ఎక్కువ భాగం లేచిన తొలి గంటల్లోనే పోతుంది. అంటే పొద్దున పక్క మీద నుంచి లేవగానే గోడకు ఆనించి కొలిచి 100 వచ్చిందని సంబరపడి తీసుకెళ్తే, రైడు దగ్గర 99 అని ఆపేస్తారు. కాబట్టి ఇంట్లో కొలత సాయంత్రం తీయండి, ఆ రోజు వేసే చెప్పులతోనే. చాలా చోట్ల చెప్పులతోనే కొలుస్తారు, కానీ మందపు అడుగులు కనబడితే విప్పించి మళ్లీ కొలుస్తారు. బూటులో మడతపెట్టిన గుడ్డలు కుక్కి గట్టెక్కించే తల్లిదండ్రులు ఉంటారు. ఆ పని చేయకండి, ఎందుకో చెప్తాను.

ఎత్తు గీత వయసును చూసి పెట్టింది కాదు, పట్టీని చూసి పెట్టింది. ఒళ్లో దిగే బారు, అంటే అడ్డకడ్డీ, పిల్లల తొడల మీద, తుంటి దగ్గర ఆనాలి. కాళ్లు చిన్నవైతే మోకాళ్లు సీటు అంచు దాకా రావు, నడుము ముందుకు జారుతుంది, బారు పొట్ట మీదికి వస్తుంది. అక్కడి నుంచి కిందికి జారిపోవడానికి పెద్ద కుదుపు అక్కర్లేదు. భుజాల మీద నుంచి దిగే పట్టీలో అయితే మెడ, చెవుల దగ్గర తగిలి దెబ్బలవుతాయి. అందుకే పక్కన అమ్మానాన్న కూర్చుని చేత్తో పట్టుకుంటామన్నా ఆపరేటరు ఒప్పుకోడు. బరువు మూడింతలయ్యే మలుపులో చేత్తో పిల్లను పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

గేటు దగ్గర ఎత్తు కొలిచి రంగు బ్యాండు కట్టే పార్కుల్లో పొద్దున్నే కట్టించుకోండి. ప్రతి రైడు దగ్గరా మళ్లీ కొలిపించుకునే బాధ తప్పుతుంది. ఇరవై నిమిషాలు నిలబడ్డాక కాదనిపించుకునే ఏడుపు కూడా తప్పుతుంది. పాపకు ఎక్కడానికి కుదరని రైడ్ల పేర్లు ముందురోజే చెప్పేయండి. పిల్లలకు కోపం తెప్పించేది వద్దనడం కాదు, అప్పటికప్పుడు వద్దనడం.

ఎక్కడ కూర్చోవాలన్నది చాలామంది పట్టించుకోరు. గుండ్రంగా తిరిగే రైడ్లలో, ముఖ్యంగా ఒకే బెంచీ మీద ఇద్దరు కూర్చునే వాటిలో, ఒళ్లు బయటివైపుకే నెట్టుకుపోతుంది. పెద్దవాళ్లు బయటి అంచున, పిల్లలు లోపలివైపు కూర్చోవాలి. తిరగేసి కూర్చుంటే రెండు నిమిషాలూ మీ డెబ్బై కిలోలు పాప పక్కటెముకల మీదే ఉంటాయి. ఇద్దరికీ కలిపి ఒకే బారు ఉన్న పాత రైడ్లలో ఇంకో మెలిక: బారు మీ తొడకు ఆనగానే ఆగిపోతుంది, పక్కనున్న పిల్లవాడికి నాలుగు వేళ్ల ఖాళీ మిగులుతుంది. అలాంటి రైడు మెల్లగా తిరిగేదైతే సరే. వేగంగా కుదిపేదైతే, విడివిడి బారులున్నది ఇంకోటి దొరుకుతుంది, దీన్ని వదిలేయండి.

ఊగే ఓడలో అంచుల సీట్లు అన్నిటికంటే పైకి లేస్తాయి. నడి సీట్లలో ఊపు చాలా తక్కువ. మొదటిసారి ఎక్కేవాళ్లను నడుమ కూర్చోబెట్టండి. కోస్టర్లో వెనక పెట్టె భయంకరం: రైలు నడిమి భాగం శిఖరం దాటగానే వేగం పుంజుకుంటుంది, అప్పటికి ఇంకా పైనే ఉన్న వెనక పెట్టెను ముందు పెట్టెలు లాక్కుని దింపేస్తాయి. కడుపులో జిల్లుమనేది అక్కడే. ముందు పెట్టెలో దారి కనిపిస్తుంది, దిగడం కాస్త మెల్లగా మొదలవుతుంది. భయపడే పిల్లలకు మధ్య పెట్టె మంచిది. కుదిరితే చక్రాల మీదుండే వరుస కాకుండా, రెండు ఇరుసుల మధ్య వరుస అడగండి.

భయపడే పిల్లవాడిని బతిమాలి ఎక్కించకండి. కంచె దగ్గర నిలబడి ఒక పూర్తి విడత చూడనివ్వండి. రైలు కొండ మీద నుంచి దిగడం మొదలైనప్పటి నుంచి ఆగేవరకు వేళ్లతో లెక్కపెట్టమనండి. చాలా కోస్టర్లలో ఈ దిగుడు భాగం నిమిషం, నిమిషంన్నర. అరవై, తొంభై అంకెల్లో అయిపోయేదని పిల్లవాడికే తెలిసిపోతుంది. ఎక్కాక కూడా అదే లెక్క పెట్టుకుంటాడు.

పైకి ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దం పాడైపోయిన శబ్దం కాదు. రైలు కింద ఉన్న కొక్కెం పట్టాల మధ్యలోని పళ్ల మీద ఒక్కొక్కటిగా పడుతూ వెళ్తుంది, చైను తెగినా రైలు వెనక్కి జారకుండా. చక్రాలూ పట్టాను మూడువైపులా పట్టుకుంటాయి: పైన బరువు మోసేవి, పక్కన దారి తప్పకుండా ఆపేవి, కింద నుంచి లేవకుండా పట్టేవి. ఈ కింది చక్రాలు అమెరికాకు చెందిన కోస్టర్ల రూపకర్త జాన్ మిల్లర్ 1919లో పేటెంటు తీసుకున్నవి. 1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో మొదలైన కోస్టర్ గంటకు పది కిలోమీటర్ల లోపే నడిచేది, ఇవాళ్టి నిటారు దిగుళ్లు సాధ్యమైంది ఆ చక్రాల తర్వాతే.

రైలు కొండ మీదో, చివర్లోనో ఉన్నట్టుండి ఆగిపోతే కంగారుపడకండి. దారి మొత్తాన్ని భాగాలుగా విడగొట్టి ఒక భాగంలో ఒక్క రైలే ఉండేలా నియంత్రిస్తారు. స్టేషన్లో ఎవరో పట్టీ పెట్టుకోవడం ఆలస్యం చేసినా వెనక రైలు తానున్న భాగం చివర ఆగాల్సిందే. కరెంటు పోయినా గాలితో నడిచే బ్రేకులు వాటంతటవే మూసుకునేలా అమర్చి ఉంటాయి, తెరవడానికే గాలి కావాలి. ఆగినప్పుడు చేయకూడని పని ఒక్కటే, బారు కింద నుంచి జారి బయటికి రావడానికి ప్రయత్నించడం. పట్టా పక్కనున్న మెట్ల మీదుగా సిబ్బందే వచ్చి ఒక్కొక్కరినీ దింపుతారు.

తల తిరగడం, వాంతులు. లోపలి చెవి ఒకటి చెబుతుంది, కళ్లు ఇంకోటి చెబుతాయి, మెదడు తికమకపడుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. పార్కు కంటే ముందు దారిలోనే మొదలవుతుంది: మలుపుల దారిలో వెనక సీటులో ఫోను చూస్తూ కూర్చున్న పిల్లవాడు గేటు దగ్గరికి వచ్చేసరికే వాడిపోయి ఉంటాడు. ఆఖరి అరగంట ఫోను తీసేసుకుని కిటికీలోంచి దూరంగా చూడమనండి. కారు దిగాక పావుగంట నడిచాకే తిరిగే రైడు. టీకప్పుల్లో మధ్యనున్న చక్రం మీరు తిప్పకపోతే కప్పు చాలా తక్కువ తిరుగుతుంది, పాపతో ఎక్కినప్పుడు దాన్ని ముట్టుకోకండి. తెర ముందు సీట్లు కదిలే సినిమా రైడ్లే అన్నిటికన్నా ఎక్కువమందికి పడవు. అక్కడ ఇబ్బంది మొదలైతే కళ్లు మూసుకుని తల వెనక్కి ఆనిస్తే చాలావరకు తగ్గుతుంది. తిరిగే రైడ్లలో మాత్రం కదలని ఒక చోట చూపు నిలపాలి. భోంచేశాక గంటసేపు ఇవేవీ వద్దు. ప్రయాణపు మాత్రలు నిద్రమత్తు తెస్తాయి, పిల్లలకు మోతాదు డాక్టరు చెప్పాల్సిందే.

భోజనం పదకొండుంబావుకో, రెండున్నరకో. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా తిండి దుకాణాల దగ్గర క్యూ రైడ్ల క్యూకు తీసిపోదు. అందరూ తింటున్న ఆ గంటలో ఒకటి రెండు పెద్ద రైడ్లు ముగించేయండి. ఊరేగింపులు, ప్రదర్శనల సమయం కూడా అంతే. ప్రదర్శన చూడాలనుకుంటే రోజులో ఒక్కటే ఎంచుకోండి, ఎండ బాగా ఉన్నప్పుడు, కప్పు కింద కూర్చునేది.

పాపకు మధ్యాహ్నం నిద్ర అలవాటుంటే ఒకటిన్నర నుంచి మూడు దాకా ఆ వేళకు లొంగిపోండి. స్ట్రోలరు తప్పనిసరి. పెద్ద పార్కులో రోజంతా తిరిగితే పదిహేను వేల అడుగులు దాటుతాయి, నాలుగేళ్ల పిల్ల అంత నడవదు, చివరికి అది మీ భుజాల మీదికే వస్తుంది. పాప పడుకున్నప్పుడు ఒకరు నీడలో కూర్చుంటారు, ఇంకొకరు బాబుతో 120 దాటినవాళ్ల రైడ్లకు వెళ్తారు. బాబు 128 కాబట్టి 120 గీత ఉన్నవన్నీ అతనికి తెరిచే ఉంటాయి. వాటిలో మొదటి ఎంపిక అతనికే వదిలేయండి, మిగతా రోజంతా చెల్లెలి కోసం సర్దుకున్నది అతనే కదా.

నీటి రైడ్లు. ఎండ మండేటప్పుడే అందరూ అటు పరుగెడతారు, పన్నెండు నుంచి మూడు దాకా ఆ క్యూ కదలదు. పదకొండుకు ముందో, నాలుగు తర్వాతో వెళ్లండి. నాలుగు తర్వాతైతే పొడి బట్టలు చేతిలో ఉండాలి, ఎండ తగ్గాక గాలికి పిల్లలు వణుకుతారు. తడిసిన సాక్సుతో గంట నడిస్తే బొబ్బలు ఖాయం. ఒక్కొక్కరికీ జత సాక్సు అదనంగా పెట్టుకుంటే సంచిలో చోటు పట్టేది పిడికెడే.

ఎండ: గొడుగు క్యూలో పనికిరాదు, టోపీ పనికొస్తుంది. 30 ఎస్పీఎఫ్ సన్‌స్క్రీన్ క్రీము బయల్దేరే ముందు ఒకసారి, రెండు గంటలకోసారి, నీటి రైడు తర్వాత మళ్లీ. చెవుల పైభాగం, పాదాల పైభాగం, పాపిటి మర్చిపోతారు. పిల్లలు దాహమయ్యేదాకా ఆగుతారు, కాబట్టి ఇరవై నిమిషాలకోసారి అరగ్లాసు మీరే పట్టించండి. ఎండలో నిలబెట్టిన రైడు సీట్లు, ఇనుప బకిల్స్ కాల్చేస్తాయి, నిక్కరు వేసిన పిల్లల్ని కూర్చోబెట్టే ముందు మీ అరచెయ్యి ఆనించి చూడండి. తలనొప్పి, వికారం, చల్లగా జిగటగా అయిన ఒళ్లు కనిపిస్తే వెంటనే నీడ, నీళ్లు. మాట తడబడటం, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. నీళ్లు పోసి విసురుతూ ప్రథమ చికిత్స వాళ్లను పిలవాలి, ఆగి చూద్దామనుకునేది కాదు.

వాన, మెరుపు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల లోపుంటే పిడుగు పది కిలోమీటర్ల దూరంలోపే ఉందన్నమాట, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆరుబయటికి రావద్దనేది మామూలు జాగ్రత్త. బయటి రైడ్లన్నీ ఆపేస్తారు, ఎత్తైనవి గాలికే ఆగిపోతాయి. వాన తగ్గగానే కూడా నడపరు, ఖాళీ రైళ్లను పంపి చూసుకుంటారు. ఖాళీ రైలు తిరగడం కనిపించిందా, మీరు క్యూ వైపు నడవండి. సగంమంది అప్పటికే కారెక్కి వెళ్లిపోయి ఉంటారు, రోజు మొత్తంలో క్యూలు అతి చిన్నగా ఉండేది ఆ గంటే. మైదానం మధ్యలో ఉన్న పార్కుల్లో గాలి అడ్డు లేకుండా తగులుతుంది కాబట్టి ఎత్తైన రైడ్లు గాలి లేనప్పుడే ముగించేయడం మేలు. ఇంకో వింత: చల్లటి పొద్దున కోస్టర్ కాస్త మెల్లగా పోతుంది, చక్రాల బేరింగుల్లో గ్రీజు చిక్కగా ఉంటుంది. అదే రైలు మధ్యాహ్నానికి చురుగ్గా ఉంటుంది. భయపడేవాళ్లకు పొద్దున, హుషారు కావాలనుకునేవాళ్లకు సాయంత్రం.

అమ్మమ్మగారికి: గుండె, బీపీ, నడుము, మెడ సమస్యలు, ఈమధ్య జరిగిన ఆపరేషను ఉన్నవాళ్లు పెద్ద రైడ్లు ఎక్కకూడదు. కంటి ఆపరేషను జరిగి ఉంటే అది కూడా లెక్కే, చాలామంది మర్చిపోతారు. ఆవిడకు పార్కు చుట్టూ తిరిగే రైలు, ప్రదర్శన, జెయింట్ వీల్ చాలు. జెయింట్ వీల్ ఎక్కడం కంటే కదులుతున్న పెట్టెలోకి అడుగుపెట్టడమే మోకాళ్లకు కష్టం. ఆపి ఎక్కించమని అడిగితే చాలాచోట్ల ఆపుతారు. వీల్‌చెయిరు అద్దెకు దొరుకుతుంది, కానీ మధ్యాహ్నానికి అయిపోతుంది. మోకాళ్లు నొప్పి పుట్టాక కాదు, గేటు దగ్గరే తీసుకోండి.

పిల్లలు తప్పిపోతే. పొద్దున గేటు దగ్గర ఇద్దరినీ ఆ రోజు బట్టల్లో ఫొటో తీయండి. ఫోను నంబరు చేతి లోపలివైపు పెన్నుతో రాసి, చెమటకు చెదరకుండా పైన పారదర్శకమైన ప్లాస్టరు వేయండి. పాపకు మీ పేరు 'అమ్మ' అనే తెలుస్తుంది, మీ అసలు పేరు చెప్పించడం ఇంట్లోనే నేర్పండి. తప్పిపోతే ఎక్కడికీ పోకుండా అక్కడే ఆగాలి, పార్కు దుస్తుల్లో ఉన్నవాళ్లకు చెప్పాలి. ఆ దుస్తులు ఏ రంగువో లోపలికి రాగానే చూపించండి. కలుసుకునే చోటుగా 'జెయింట్ వీల్ దగ్గర' అనకండి, దానికి నాలుగువైపులుంటాయి. ఒక దుకాణమో, ఒక బొమ్మో చెప్పండి. వెతకాల్సి వస్తే ముందు నీళ్లున్న వైపు వెళ్లాలి: కొలను, ఫౌంటెను, కాలువ. మిగతా చోట్ల పిల్లలు దొరికేవరకూ ఆగగలరు, నీళ్ల దగ్గర ఆగలేరు.

ఊళ్లకు దూరమైన పార్కు కాబట్టి ఇవి కూడా. టికెట్లు, పార్కు పటం ఇంట్లోనే ఫోనులో దాచుకోండి. గేటు దగ్గర వేలమంది ఒకే టవరు మీద వేలాడుతుంటే ఈమెయిలు తెరుచుకోదు. సిగ్నలు కోసం వెతికి వెతికి ఫోను మధ్యాహ్నానికే చచ్చిపోతుంది, పవర్ బ్యాంకు ఉండాలి. బండిలో ఇంధనం రానూపోనూ సరిపడా వెళ్లేటప్పుడే నింపండి. ఇలాంటి పార్కులకు దారి ఒకటే ఉండటం మామూలు. తెరిచే సమయానికి నలభై నిమిషాల ముందే పార్కింగులో ఉండాలి, అరగంట ఆలస్యమైతే ఆ దారిలోనే గంట పోతుంది. బండి గేటుకు దగ్గరగా కాదు, బయటికి పోయే దారికి దగ్గరగా పెట్టండి. వరుస అంకె ఉన్న స్తంభం ఫొటో తీసుకోండి.

సంచి ఒక్కటే, వీపుకు తగిలించుకునేది. అందులో నీళ్లసీసాలు, పిల్లలకు చిరుతిండి, పొడి బట్టలు, సాక్సులు, ప్లాస్టరు చుట్టలు, వాంతి సంచులు, తడిగుడ్డలు, అమ్మమ్మ మందులు. బయటి తిండి లోపలికి రానివ్వరేమో ముందే చూసుకోండి. చిన్నపిల్లల తిండికీ, మందులకూ తరచూ మినహాయింపు ఉంటుంది. చెప్పులు వెనక పట్టీ ఉన్నవై ఉండాలి, కాళ్లు వేలాడే రైడ్లలో హవాయి చెప్పులు ఎగిరిపోతాయి. కళ్లద్దాలకు వెనక తాడు. గో-కార్ట్‌లో వేలాడే చున్నీ, స్కార్ఫు, విప్పిన పొడవాటి జుట్టు చాలా ప్రమాదం, ఇరుసుకు చుట్టుకుంటే తీయడానికి సమయం ఉండదు. గట్టిగా ముడివేసి చొక్కా లోపలికి దోపాలి. ఫోను మీద ఆశ ఉంటే జిప్పున్న జేబులో ఉంచండి, ఒళ్లో పెట్టుకున్న ఫోను మొదటి దిగుడులోనే గాల్లో ఉంటుంది. అది కింద నడిచేవాళ్ల నెత్తిన పడొచ్చు కూడా.

సాయంత్రం ఆఖరి గంట. చిన్నపిల్లల కుటుంబాలు అప్పటికే బయటపడతాయి కాబట్టి క్యూలు పలచబడతాయి. చాలా పార్కుల్లో మూసే సమయానికి క్యూలో ఉన్నవాళ్లను ఎక్కించాకే రైడు ఆపుతారు. కాబట్టి మీ పెద్ద కోస్టర్‌కు మూసే వేళకు ఇరవై నిమిషాల ముందు క్యూలోకి దూరండి. రెండు గంటల ముందు అరగంట నిలబడాల్సిన చోట పది నిమిషాల్లో ఎక్కుతారు. అదే పని ఆఖరి నిమిషంలో కాదు, కొన్నిచోట్ల క్యూ ద్వారం పావుగంట ముందే మూసేస్తారు. ఆ పార్కు పద్ధతి మధ్యాహ్నమే అక్కడి ఉద్యోగిని అడిగి ఉంచుకోండి.

బయటపడటానికి రెండు మంచి వేళలున్నాయి: మూసే సమయానికి ముప్పావుగంట ముందు, లేదా ముప్పావుగంట తర్వాత. మధ్యలో బయల్దేరితే వెళ్లేటప్పుడు తప్పించుకున్న ఆ ఒక్క దారి తిరిగొచ్చేటప్పుడు పట్టుకుంటుంది. ఆఖరి రైడుకు ఉండాలనుకుంటే తర్వాత వేళే మీది. పార్కింగులో బండి దగ్గర పిల్లల తడిబట్టలు మార్చి, మిగిలిన తిండి పెట్టి, సీటు వాల్చి నిద్రపుచ్చండి. పల్లెదారుల్లో చీకటిపడ్డాక పశువులు, వెలుగు లేని బండ్లు అడ్డొస్తాయి, రోజంతా ఎండలో తిరిగిన డ్రైవరుకు కళ్లు బరువెక్కుతాయి. నడిపేది ఎవరో ముందే తేల్చుకుని, వాళ్లను మధ్యాహ్నం పాపతో పాటు అరగంట పడుకోనివ్వండి.